బైపీసీ పిల్లలకు గుండె పరిశోధనలో కొలువు

మైలవరం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల వైపు బైపీసీ పిల్లలను ఏమవుతారని అడిగితే డాక్టరనే చెబుతారు. నీట్‌లో సీటు రాకపోతే ఇంటిల్లిపాదికీ దిగులే. గుండెజబ్బుకు మందు రాసేవాళ్లు ఎంత అవసరమో, అది ఎందుకొస్తుందో తేల్చేవాళ్లూ అంతే అవసరమని ఆ పిల్లలకు చెప్పేవాళ్లు కావాలి.

2009లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, మరికొందరు కలిసి ఒక సంగతి బయటపెట్టారు. గుండె కండరానికి కావలసిన ప్రొటీన్‌ను తయారుచేసే ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు ఊడిపోయినవాళ్లు మన ఉపఖండంలో నూటికి దాదాపు నలుగురున్నారు. వయసు మీదపడేకొద్దీ వాళ్ల గుండె బలహీనపడే ముప్పు ఎక్కువ. ఆ లోపాన్ని పట్టుకునే పని ఎమ్మెస్సీ ల్యాబ్‌లో నేర్పేదే. రక్తం నుంచి డీఎన్‌ఏ తీసి, ఆ ముక్కను పీసీఆర్‌లో పెంచి, జెల్ మీద నడిపిస్తారు. పొట్టి ముక్క ముందుకు పోతుంది. ఒక గీత ఉండాల్సిన చోట రెండు గీతలు కనబడతాయి.

వ్యసనాల పరిశోధన కూడా గుండె దగ్గరికే చేరుతోంది. షుగరుకు, ఊబకాయానికి వాడే సెమాగ్లూటైడ్ అధిక బరువున్న గుండెరోగుల్లో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాల ముప్పును 20 శాతం తగ్గించిందని 2023లో తేలింది. అదే మందు మద్యం మీద యావను తగ్గిస్తున్నట్టు 2025లో ఒక అమెరికా ప్రయోగం చూపింది. అందులో ఉన్నది 48 మందే కాబట్టి అప్పుడే సంబరపడకూడదు. పెద్ద ప్రయోగాలు జరగాలి. వాటికి డాక్టర్లతోపాటు నర్సులు, ఫార్మసీ చదివినవాళ్లు, లెక్కలు కట్టేవాళ్లు, ఊళ్లలో తిరిగి వివరాలు రాసుకునేవాళ్లు కావాలి. రోజుకెన్ని గుట్కాలు నములుతారో, ఎంత తాగుతారో మనవాళ్లు ఫారం పట్టుకొచ్చిన కొత్తమనిషికి చెప్పరు. అరుగు మీద కూర్చొని మన యాసలో మాట కలిపినవాళ్లకే చెబుతారు. నా దృష్టిలో ఇక్కడి పిల్లలకున్న పెద్ద అర్హత అదే.

చదువుకు దూరం పోనక్కర్లేదు. కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో బయోటెక్నాలజీ ఉంది. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు రూ.37,000 ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయొచ్చు. వ్యసనాల వైపు మనసుంటే సైకాలజీ, సోషల్ వర్క్ చదివి బెంగళూరు నిమ్హాన్స్‌కు గురిపెట్టొచ్చు. ఇంటర్ తర్వాత నేరుగా పరిశోధన వైపు వెళ్లాలంటే తిరుపతి ఐసర్ ఉంది. దాని ప్రవేశపరీక్ష ఐఏటీలో 60 ప్రశ్నలకు 15 లెక్కలవే. బైపీసీ వాళ్లు పదితోనే లెక్కలు వదిలేస్తారు కాబట్టి ఇంటర్ మొదటి ఏడాది నుంచే వారానికి రెండు పూటలైనా వాటికి కేటాయించాలి.