ఇండ్ల స్థలములు - నీటి దారులు

మన గ్రామములలో ఇండ్ల స్థలములకు గిరాకి పెరుగుచున్నది. పట్టణమునకు మంచి దారి పడగానే ఊరి చుట్టునున్న పొలములు సెంట్ల లెక్కన, గజముల లెక్కన చేతులు మారుచున్నవి. మెరక మీది పాత ఊరిలో ఖాళీ స్థలము అరుదు. ఉన్నను సామాన్యునకు దాని ధర అందదు. కావున కొనువారు పల్లమునకు దిగుచున్నారు. వాగు ప్రక్కను, చెరువు క్రిందను స్థలము చౌకగా దొరకును. వేసవిలో చూచినచో అది చదునైన ఎండు నేల. దాని గుణము శ్రావణ భాద్రపదములలో గాని తెలియదు.

విజయవాడ అనుభవమును గమనింతము. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి, మళ్ళింపు కాలువకు గండ్లు పడి, సింగ్‌నగర్ మున్నగు పల్లపు ప్రాంతములు దినముల తరబడి నీట మునిగినవి. కొల్లేటికి పోవు ఆ వాగు వరద కాలమున పరచుకొనెడి నేల మీద కాలక్రమమున ఇండ్లు లేచినవి. నీరు తన పాత దారిని మరువలేదు. నగరములకు చేరువనున్న గ్రామములలో నేడు ఇట్టి నేలలే స్థలములుగా మారుచున్నవి.

వాతావరణమును మారుచున్నది. గాలి ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కినచో సుమారు నూటికి 7 వంతులు అధికముగా తేమను పట్టుకొనగలదు. ఆ తేమ ఒక్కుమ్మడిగా కురిసినపుడు వాగులు పట్టజాలవు. సముద్రమట్టము పెరిగిన కొలది ఉప్పెన మరింత లోపలికి వచ్చును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమలో వేలకొలది ప్రాణములను బలిగొన్నది ఉప్పెనయే. “ఇచ్చటికి ఎన్నడును నీరు రాలేదు” అను మాట ఒక్కటే ఇకపై చాలదు.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు కొన్ని కలవు. లేఅవుటు పంచాయతీ ముందుకు వచ్చినపుడు గ్రామపటము తెప్పించి వాగులు, చెరువులు, కాలువలు ఎచ్చట నున్నవో సరిచూడవలెను. ఊరి పెద్దల నడిగి, పూర్వపు వరద ఎంత ఎత్తున వచ్చెనో బడిగోడ మీద గుర్తు వేయింపవలెను. ఇంటి అరుగు ఆ గుర్తునకు పైన ఉండవలెను. పల్లమును మట్టితో పూడ్చినచో పొరలు పొరలుగా దిమ్మిస చేయింపవలెను. లేనిచో పునాది క్రుంగి గోడలు బీటలు వారును. ఒకరు మెరక చేసిన నీరు పొరుగువాని యింటిలో చేరును గనుక, రోడ్డు వేయుటకు ముందే తూములు, మురుగు కాలువలు ఏర్పరుపవలెను.

కొనువారికిని ఒక లెక్క చెప్పవలెను. స్థలపు ధరకు మట్టి తోలకము, ఎత్తు పునాది, ఏటేటి మరమ్మతులు కలిపి చూచినచో చౌక స్థలము చౌక కాదని తేలును. పేదవాడు జన్మలో ఒక్కమారు అప్పు చేసి ఇల్లు కట్టుకొనును. ఇల్లు మునిగినను ఆ అప్పు తీరదు. కావున తీర్మానము చేయుటకు ముందు, వానలు కురియు దినములలో, మనము ఆ నేల మీద ఒక్కమారు నడచి చూచుట మేలు.