సెలవునాడు సరస్సు నొడ్డున

యూరపు ఖండమందలి జెనీవా నగరము సరస్సు నొడ్డున వెలసినది. రోన్ నది ఆ సరస్సును వీడుచోటనే ఊరున్నది. ఈ పాఠము చెప్పుచు, "మన చెంతనున్న సరస్సును చూచినవారెవరు?" అని మేమడుగగా కొన్ని చేతులే లేచినవి.

భివండీలోనే వరాలదేవి చెరువు కలదు. పొరుగున థానేలో మాసుందా తటాకము, దాని చెంత కౌపినేశ్వరాలయము కలవు. 1853 ఏప్రిల్ 16న బొంబాయి బోరీబందరు నుండి బయలుదేరిన దేశపు తొలి ప్రయాణికుల రైలు 34 కిలోమీటర్లు నడచి చేరినదియు ఆ థానేకే.

తలిదండ్రులారా! మరమగ్గములాగిన దినమున పిల్లలను అచటికి తోడ్కొని పొండు. మగ్గముల రొదలో ఇంట మాట కరవగుచున్నది. ఒడ్డున కూర్చుండి తెలుగున ముచ్చటింపుడు. మీ స్వగ్రామపు చెరువు కథ చెప్పుడు. మరలి వచ్చిన పిమ్మట పది పంక్తులు వ్రాయింపుడు. తప్పులు మేము దిద్దెదము. మాటలు మాత్రము మీరే ఈయవలెను.