శంషాబాదు చెలక నేలలు, నీటి వనరులు

శంషాబాదు హైదరాబాదునకు దక్షిణమున, కర్నూలు పోవు మార్గముపై నున్నది. ఇచట గ్రానైటు రాతిపై పలుచని యెఱ్ఱ చెలక పరచుకొని యుండును. అది వాననీటిని త్వరగా పీల్చును గాని చిరకాలము నిలుపుకొనజాలదు. జొన్న, కంది, ఆముదము దాని కనువైన పైరులు. వేసవిలో చెరువు ఒండ్రుమట్టి తోలినచో తేమ నిలుచును. ఎరువు ఖర్చును కొంత తగ్గును. బావి నీరున్నచోట కూరగాయలు మేలు, నగరపు అంగడి చేరువనే కలదు.

2008 మార్చిలో సుమారు 5,500 ఎకరములలో విమానాశ్రయము తెరువబడెను. పిమ్మట భూమి వెల ఫలసాయముతో పొంతన లేకుండ పెరిగెను. పట్టాదారున కిది లాభమే, కౌలుదారునకు కాదు.

ఇచటి పెక్కు వాగులు 1927లో పూర్తియైన హిమాయత్‌సాగరునకు చేరును. అందుచేతనే 1996 నాటి 111వ సంఖ్య ఉత్తరువు పరీవాహక గ్రామములలో పరిశ్రమలను నిషేధించెను. 2022లో ఆ నిబంధనలు సడలింపబడెను. రాతినేలలో నీరు శిథిలపొరలందును, పగుళ్లయందును మాత్రమే నిలుచును. ఎగువ కాలువ పూడినచో చెరువును, దాని దిగువ బావులును ఎండును. కావున పొలము విక్రయించు రైతు కాలువ హద్దులను దస్తావేజులో స్పష్టముగా వ్రాయింపవలెను.