కొండదారి సైకిలుకు వెనుక చక్రం

సైకిలుకు చక్రాలు రెండైనా భారం రెండింటిపై సమానంగా పడదు. ఎక్కినవాని బరువులో సగానికి మించిన పాలు వెనుక చక్రమే మోస్తుంది. చైను లాగేదీ దానినే, గుంతలో దిగినప్పుడు ఎక్కువ దెబ్బ తినేదీ అదే. అందువల్ల మౌంటెన్ బైకు అని మనం వ్యవహరించే కొండదారి సైకిలులో సాధారణంగా ముందు చెడేది వెనుక చక్రమే. దానిని మార్చవలసి వచ్చిన నాడు విద్యార్థి చేతిలో ఉండే ధనం స్వల్పం. ఆ స్వల్పధనంతో కొన్న చక్రం డిగ్రీ మూడేళ్ళూ నిలవాలంటే ఏ భాగంపై ఖర్చు పెట్టాలి, ఎక్కడ తగ్గించుకోవచ్చు అన్నది విచారించదగిన విషయం.

ఈ తరహా సైకిలు చరిత్రలోనే వెనుక హబ్బుకు ఒక స్థానముంది. 1976లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, మెరిన్ కౌంటీ కొండలలో, కొందరు యువకులు పాత బరువు సైకిళ్ళపై ఏటవాలు మట్టిదారిని దిగే పందెం ఆరంభించారు. ఆ సైకిళ్ళకు బ్రేకు వెనుక హబ్బు లోపలే ఉండేది. ఒక్కసారి దిగేసరికి గ్రీజు వేడికి కాగి పొగయ్యేది. హబ్బు విప్పి మరల గ్రీజు నింపవలసి వచ్చేది. ఆ పందేనికి 'రీప్యాక్' అన్న పేరు అలా వచ్చినదే.

చక్రం కొనేవారు రిమ్ము మెరుపు చూసి మురిసిపోతారు. ముందు చూడవలసినది హబ్బు. చౌక గేరు సైకిళ్ళలో పళ్ళచక్రాలతో కూడిన ఫ్రీవీలు హబ్బుపై మరచుట్లతో బిగించబడి ఉంటుంది. ఈ అమరికలో కుడివైపు బేరింగు ఫ్రీవీలుకు లోపలిపక్కనే ఉండిపోతుంది. అక్కడినుండి ఫ్రేము గాడి వరకు ఇరుసుకు ఏ ఆధారమూ ఉండదు. పళ్ళచక్రాల సంఖ్య పెరిగినకొద్దీ ఈ నిరాధారమైన పొడవు కూడా పెరుగుతుంది. రాళ్ళబాటపై పదేపదే దెబ్బ తగిలితే ఇరుసు మొదట వంగుతుంది, తరువాత విరుగుతుంది. జపాను దేశపు షిమానో సంస్థ 1978లో ప్రవేశపెట్టిన ఫ్రీహబ్బు ఈ లోపాన్ని సవరించింది. ఇందులో కుడి బేరింగు దాదాపు ఫ్రేము అంచు వరకు జరుగుతుంది. పళ్ళచక్రాలు క్యాసెట్టు రూపంలో విడిగా జారి కూర్చుంటాయి. ధర కొంత ఎక్కువైనా, డబ్బు వెచ్చించవలసిన మొదటి చోటు ఇదేనని నా నిశ్చితాభిప్రాయం. 7 పళ్ళచక్రాల పాత గేరు సైకిలుకు కూడా దీనిని అమర్చవచ్చు. హబ్బు 8 చక్రాలదైతే క్యాసెట్టు వెనుక 4.5 మిల్లీమీటర్ల వాషరు వేయాలి, అంతే.

విడి బాల్సు, కోనులు గల పాత బేరింగులను చిన్నచూపు చూడనక్కరలేదు. పక్కకు తొమ్మిదేసి పావు అంగుళపు బాల్సు. ఏ వీధి మెకానిక్కయినా వాటిని మార్చగలడు. అయితే గ్రీజు ఎండిపోయి హబ్బులోని గిన్నెకు గుంటలు పడితే మాత్రం హబ్బే మార్చవలసి వస్తుంది.

ఇక స్పోకులు. జాబ్స్ట్ బ్రాండ్ట్ అనే ఇంజనీరు 1981లో వెలువరించిన 'ది బైసికిల్ వీల్' గ్రంథంలో వీటి పనితీరును విశదీకరించాడు. చక్రం తిరిగేటప్పుడు నేలవైపుకు వచ్చిన స్పోకుల బిగువు కొంత తగ్గుతుంది, పైకి పోగానే తిరిగి పెరుగుతుంది. 26 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 2 మీటర్లు సాగుతుంది కనుక, రోజుకు 10 కిలోమీటర్లు తొక్కే విద్యార్థి చక్రంలో ప్రతి స్పోకూ దాదాపు 5,000 మార్లు సడలి బిగుస్తుంది. మొదటే వదులుగా బిగించిన స్పోకు పూర్తిగా సడలిపోయి, కదిలి, హబ్బు దగ్గరి వంపులో అలసి తెగుతుంది. కాబట్టి మన్నికకు మూలం స్పోకు లావు కాదు, సమమైన గట్టి బిగువు. పళ్ళచక్రాలకు చోటివ్వవలసినందున కుడివైపు స్పోకులు ఎడమవాటికంటే ఎప్పుడూ ఎక్కువ బిగువుగా ఉంటాయి. అది దోషం కాదు. 2 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్పోకులు, ఇత్తడి నిపుల్సు, మూడు అడ్డుల అల్లిక చాలు. స్పోకులు 32 ఉంటే సరిపోతుంది. బరువైనవారికి 36 మేలు.

రిమ్ము విషయంలో పొదుపు చేయవచ్చు. రెండు పొరల అల్యూమినియం రిమ్ము అయితే చాలు, పేరున్నది కానక్కరలేదు. రిమ్మును పట్టే బ్రేకు అయితే అది ఎలాగూ అరిగిపోయే వస్తువే. కొలత మాత్రం టైరుపై చూసి కొనాలి: 559 అని ఉంటే 26 అంగుళాలది, 584 అయితే 27.5, 622 అయితే 29. హబ్బు వెడల్పుకు ఫ్రేము గాడుల మధ్య దూరం కొలవాలి; చాలా సైకిళ్ళకు అది 135 మిల్లీమీటర్లు.

దుకాణంలో డబ్బు చెల్లించే ముందు కుడివైపు స్పోకులను ఒక్కొక్కటిగా వేలితో మీటి చూడండి. ధ్వని ఇంచుమించు ఒకే స్థాయిలో వినిపించాలి. ఒకటి బొంగురుగా పలికితే అక్కడ బిగువు లేదన్నమాట. తరువాత సమాంతరంగా ఉన్న స్పోకులను జంటలుగా పట్టి గట్టిగా నొక్కించి, చక్రం తిప్పి, వంకర ఉంటే తీయించుకోవాలి. రెండు వారాలు తొక్కాక అదే మెకానిక్కు వద్ద మరొకమారు బిగువు సరిచూపించాలి.