పంపే ముందు ఒక్క రోజు



తెర మీద అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీలో తెలుగు వత్తుల సవరణ పూర్తయిందనీ, రాత్రికే పంపేస్తాననీ రాశావు. సంతోషం. కానీ ఒక్క రోజు ఆగు తల్లీ.

నీ స్క్రీన్ మీద అక్షరం సరిగ్గా వచ్చింది, నమ్ముతాను. ఏ ఫాంటుతో చూశావు? ఫాంట్లలో తెలుగుకు పాత ట్యాగు ‘టెలు’, కొత్తది ‘టెల్2’. పాతది మాత్రమే ఉన్న ఫాంట్లకు నియమాలు కొంత వేరు. రెండు రకాలతోనూ చూడు. తెలుగుకంటూ విడి షేపర్ కూడా లేదు. కన్నడం, దేవనాగరి, మలయాళం, బెంగాలీ అన్నీ తెలుగుతో పాటు ఒకే ఇండిక్ షేపర్ గుండా వెళ్తాయి. మన వత్తు కోసం మార్చిన షరతు కన్నడ వత్తును చెదరగొట్టిందంటే హార్ఫ్‌బజ్ వాడే ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో చదివేవాళ్లందరికీ ఇబ్బందే.

ముందు నీ మార్పు లేని కోడ్‌ను బిల్డ్ చేసి టెస్టులన్నీ నడుపు. తర్వాత నీ టెస్టు రాయి. ఒక్క వరుసే కదా: ఫాంటు, ఆప్షన్లు, యూనికోడ్ సంఖ్యలు, రావలసిన గ్లిఫ్‌లు (ఫాంటులోని అక్షర రూపాలు). పాత కోడ్ మీద అది ఫెయిలవ్వాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే, నేను అన్నిటికంటే ఎక్కువగా పట్టుబట్టేదీ దీని మీదే. పాత కోడ్ మీదా పాసయ్యే టెస్టు నీ సవరణ గురించి ఏమీ చెప్పదు. ఫెయిలవడం కళ్లారా చూశాకే మార్పు పెట్టు.

పాత టెస్టు ఏదైనా తప్పితే, హార్ఫ్‌బజ్‌తో వచ్చే హెచ్‌బీ-షేప్ ప్రోగ్రాం చూపిన కొత్త ఫలితాన్ని అందులో అతికించి పాస్ చేయించకు. రావలసిన గ్లిఫ్‌లంటే ప్రోగ్రాం ఇచ్చినవి కావు, తెలుగు చదివే నువ్వు బొమ్మ చూసి ఒప్పుకున్నవి. నీ మార్పును పరిశీలించేవాళ్లకు తెలుగు రాకపోవచ్చు. ఆ చోట వాళ్లు నీ కన్నునే నమ్ముకుంటారు.

అరుదైన కూర్పులూ ఇచ్చి చూడు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞ’ తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్, ఆపైన దీర్ఘం వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. అది హార్ఫ్‌బజ్ తప్పు కాదు గానీ, అలాంటి వరుసలు జనం చేతుల్లోకి ఎలాగైనా వస్తాయి. అడ్రస్ శానిటైజర్‌తో బిల్డ్ చేసి వాటినీ నడుపు.

ఏ ఫాంట్లతో చూశావో, ఏవి చూడలేదో కమిట్ సందేశంలో ఉన్నదున్నట్టు రాయి. ఫెయిలైనవి ఉంటే నాకు పంపు, ఆదివారం ఇద్దరం కూర్చుని చూద్దాం.

పెదనాన్న