మైకు మనది, శబ్దం సంఘానిది

ధ్యాన భాగాలు: 1 సమూయేలు 17:38-40, 2 సమూయేలు 24:18-25, 1 కొరింథీయులకు 14:6-19



విదేశాల్లో ఉన్న మన తెలుగు సహవాసాల్లో చాలావాటికి సొంత మందిరం లేదు. అమెరికాలో, ఇంగ్లండులో స్థానిక సంఘం వారి మందిరాన్ని ఆదివారం మధ్యాహ్నం అద్దెకు తీసుకుంటాం. గల్ఫులో దుబాయ్ హోలీ ట్రినిటీ చర్చి, కువైట్ నేషనల్ ఇవాంజెలికల్ చర్చి వంటి ప్రాంగణాల్లో అనేక భాషల సంఘాలు వంతులవారీగా కూడుకుంటాయి. క్రిస్మస్ కార్యక్రమమో, సంగీత సభో అయితే స్కూలు ఆడిటోరియం. ప్రతి చోటా స్పీకర్లు వేరు, మిక్సర్ వేరు, దాన్ని చూసుకునే మనిషి వేరు.

అలాంటి చోటికి బాస్ గిటార్ వాయించే సహోదరుడు గిటారుతోపాటు సంచిలో సొంత మైకు కూడా తెచ్చుకుంటాడు. "ఇక్కడ మైకులున్నాయి కదా బ్రదర్, ఇదెందుకు?" అంటాడు సౌండ్ చూసే సహోదరుడు. "నాకు ఇదే అలవాటు బ్రదర్" అంటాడు ఇతడు. ఆరాధన మొదలవడానికి ఇంకా పది నిమిషాలే ఉంది. ఇద్దరి ముఖాలూ మారిపోతాయి. ఇది చిన్న సంగతిలాగే కనబడుతుంది. కానీ సంగీత బృందంలో మనస్పర్ధలు మొదలయ్యేది ఇలాంటి చిన్న మాటల దగ్గరే. ఆ తర్వాత ఒకరు వాయించడం మానేస్తారు, మరొకరు వేరే సహవాసం వెదుక్కుంటారు. కాబట్టి ఈ విషయాన్ని వాక్యపు వెలుగులో కలిసి ఆలోచిద్దాం.

1. సొంత మైకు ఎందుకు?

ముందుగా అవతలివాని కారణం తెలుసుకోవడం ప్రేమకు మొదటి మెట్టు. బాస్ వాయించేవారు తెచ్చుకునే మైకులు రెండు రకాలు.

మొదటిది పాడే మైకు. బాస్ వాయిస్తూ వెనుక నుంచి గొంతు కలిపేవారు చాలామంది ఉన్నారు. నలుగురు నోటి దగ్గర పెట్టుకునే మైకు కంటే సొంతది శుభ్రం. పైగా తమ గొంతుకు ఏ మైకు సరిపోతుందో వారికి తెలుసు. మన మందిరాల్లో ఎక్కువగా కనిపించే ష్యూర్ ఎస్ఎమ్58 1966లో వచ్చింది. నేటికీ గాయకుల చేతుల్లో ఉంది.

రెండవది బాస్ ఆంప్ స్పీకర్ ముందు పెట్టే మైకు. బాస్ గిటార్‌లో లావు తీగ, అంటే ఇ తీగ, సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఐదు తీగల బాస్‌లో అన్నిటికంటే కింది తీగ సుమారు 31 సార్లు. గొంతు కోసం చేసిన మామూలు మైకు అంత కింది శబ్దాన్ని నిండుగా పట్టుకోలేదు. ఎస్ఎమ్58 పనిచేసే పరిధే 50 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. అందుకే కొందరు కింది స్వరాలను పట్టే పెద్ద మైకును వెంట తెచ్చుకుంటారు. కాబట్టి సొంత మైకు తేవడం గర్వమని వెంటనే తీర్పు తీర్చకండి.

2. దావీదు వడిసెల: తెలిసిన పనిముట్టు

సౌలు తన కవచాన్నీ, ఇత్తడి శిరస్త్రాణాన్నీ దావీదుకు తొడిగించాడు. అవి రాజువి, ఆ దేశంలో మంచివి. అయినా దావీదు వాటిని తీసివేశాడు. అవి చెడ్డవని అనలేదు, తనకు వాడుక లేదని మాత్రమే చెప్పాడు. తన కర్ర, వడిసెల, ఏటిలో ఏరుకున్న అయిదు నున్నని రాళ్లు తీసుకుని వెళ్లాడు.

ఇక్కడ ఇద్దరి దగ్గరా నేర్చుకోవలసినది ఉంది. దావీదు తనకు తెలిసిన పనిముట్టునే ఎన్నుకున్నాడు. రాజైన సౌలు, ఆ ఒక్క క్షణంలోనైనా, "నేనిచ్చినది కాదంటావా?" అని పంతం పట్టలేదు. సౌండ్ చూసే సహోదరుడా, ఒకరు సొంత మైకు తెచ్చినంత మాత్రాన మీ పరిచర్యను తక్కువ చేసినట్టు కాదు. బాస్ వాయించే సహోదరుడా, దావీదు వడిసెల తిప్పింది తన నేర్పు చూపడానికి కాదు. ఇశ్రాయేలులో దేవుడున్నాడని లోకం తెలుసుకోవాలని. మీ సంచిలోని మైకు ఏ ఉద్దేశంతో బయటికి వస్తోంది?

3. అరౌనా కళ్లం: వెల ఇచ్చి తెచ్చిన అర్పణ

దావీదు బలిపీఠం కట్టడానికి వెళ్లినప్పుడు అరౌనా తన కళ్లాన్నీ, ఎడ్లనూ, కట్టెలనూ ఉచితంగా ఇస్తానన్నాడు. దావీదు ఒప్పుకోలేదు. తనకు ఖర్చు కాని దానిని దేవునికి దహనబలిగా అర్పించనని చెప్పి, యాబై తులాల వెండి ఇచ్చి కొన్నాడు.

రాత్రి డ్యూటీ చేసి వచ్చి, తన జీతంలోంచి దాచుకుని మైకు కొన్న తమ్ముడు మన మధ్య ఉన్నాడు. అతడు తెచ్చినది అర్పణే. దానిని గౌరవించాలి. అయితే అర్పణకు ఒక లక్షణం ఉంది. బలిపీఠం మీద పెట్టిన తర్వాత అది అర్పించినవాని చేతిలో ఉండదు. "నా మైకు నేను చెప్పినట్టే వినబడాలి" అంటే, ఇచ్చినది మళ్లీ వెనక్కి తీసుకున్నట్టే. మైకు మీదే, ఇంటికి మీరే తీసుకువెళ్తారు. కానీ అందులోంచి వెళ్లే శబ్దం మాత్రం సంఘానిది.

4. చివరి వరుసలో అమ్మగారికి మాట వినబడిందా?

పౌలు కొరింథు సంఘానికి రాస్తూ పిల్లనగ్రోవి, వీణ, బూర సంగతి ఎత్తాడు. స్వరాల్లో భేదం తెలియకపోతే ఏమి వాయిస్తున్నారో ఎవరికి అర్థమవుతుందని అడిగాడు. సంఘంలో అర్థం కాని పదివేల మాటల కంటే, ఇతరులకు బోధ కలిగించే అయిదు మాటలు మేలన్నాడు. ఆ అధ్యాయం అన్యభాషల గురించి. అయితే అందులోని కొలబద్ద మన వాద్యాలకూ సరిపోతుంది. అది సంఘానికి క్షేమాభివృద్ధి.

బాస్ శబ్దం స్వభావం తెలిస్తే ఈ మాట బరువు తెలుస్తుంది. 41 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు ఎనిమిది మీటర్లకు పైమాటే. చిన్న హాలులో అది గోడల దగ్గర, మూలల్లో పోగుపడుతుంది. కాబట్టి ఆంప్ దగ్గర నిలబడిన మీకు "బాస్ తక్కువగా ఉంది" అనిపించే సమయంలోనే, వెనుక గోడకు ఆనుకుని కూర్చున్నవారికి అది గుండెల్లో మోగుతూ ఉండవచ్చు. కింది స్వరాలు మరీ ఎక్కువైతే వాటికి పైనున్న మాటల స్పష్టతను కప్పివేస్తాయి. వయసు మళ్లినవారికి మొదట తగ్గేది పై స్వరాల వినికిడి. త, స, ష వంటి అక్షరాలను వేరుచేసి గుర్తుపట్టడానికి కావలసినవి అవే.

ఇప్పుడు ఆ చివరి వరుసలో ఎవరు కూర్చున్నారో చూడండి. పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండడానికి ఊరినుంచి వచ్చిన అమ్మగారు. వారమంతా ఇంట్లో మాట్లాడే తోడు లేక, ఆ ఒక్క రోజు తెలుగు పాట వినాలని వచ్చారు. ఆమె పక్కన ఇక్కడే పుట్టిన మనవరాలు. దానికి వచ్చిన తెలుగే కొద్దిపాటిది, అందులో చాలా భాగం ఈ పాటల్లోంచే నేర్చుకుంది. మాటలు శబ్దంలో మునిగిపోతే, ఆ అమ్మగారికి ఆదరణా పోయింది, ఆ పాపకు భాషా పోయింది. ఎజ్రా ధర్మశాస్త్రం చదివిన రోజున లేవీయులు జనులకు అర్థమయ్యేలా వివరించారు (నెహెమ్యా 8:8). సంగీత పరిచర్య కూడా ఆ కోవలోనిదే.

అలాగని బాస్‌ను తక్కువ చేయనక్కరలేదు. 1 దినవృత్తాంతములు 15లో దావీదు వాద్యకారులను నియమించినప్పుడు కొందరికి "ఎనిమిదవది" అనే అర్థమున్న షెమినీత్ స్థాయిలో సితారాలు వాయించే పని అప్పగించాడు. అది మంద్ర స్థాయి అని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం. దేవుని మందిరంలో కింది స్వరానికి మొదటినుంచీ చోటుంది. సొలొమోను దేవాలయంలో నూట ఇరవైమంది యాజకులు బూరలు ఊదినప్పుడు, గాయకులూ వాద్యకారులూ ఒక్కటై ఒకే స్వరంగా స్తుతించినప్పుడు, మందిరం మేఘంతో నిండింది (2 దినవృత్తాంతములు 5:12-14). వాద్యాలు తగ్గలేదు, శబ్దం మాత్రం ఒక్కటయ్యింది.

5. ఎరవు తెచ్చిన గొడ్డలి: ఇతరుల సామగ్రి

ఎలీషా శిష్యుల్లో ఒకడు మ్రాను నరుకుతుండగా గొడ్డలి నీటిలో పడింది. అతడు అయ్యో అని మొరపెట్టింది అది ఎరవు సొమ్ము కాబట్టి (2 రాజులు 6:5). మనం కూడుకునే మందిరంలోని మిక్సర్, స్పీకర్లు, తీగలు ఎరవు సొమ్మే. మనం వెళ్లిపోయాక మరో సంఘం వాటినే వాడుకుంటుంది. పాడైతే చెప్పకుండా వెళ్లడం, అమరికలు మార్చి అలాగే వదిలేయడం మన సాక్ష్యాన్ని చెరుపుతుంది. తెలుగువారు వచ్చి వెళ్లాక అన్నీ ముందున్నట్టే ఉంటాయనే పేరు మనకు రావాలి.

వైర్‌లెస్ మైకులు తెచ్చేవారు మరొక మాట గమనించాలి. అమెరికాలో 617 నుంచి 652, 663 నుంచి 698 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే వైర్‌లెస్ మైకులను 2020 జూలై 13 తర్వాత వాడకూడదు. ఆ తరంగాలను ఫోన్ సేవలకు ఇచ్చారు. ఇంగ్లండులో 863 నుంచి 865 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. ఊరినుంచి తెచ్చుకున్న సెట్టు అయినా ఇక్కడి చట్టానికి లోబడవలసిందే. పై అధికారులకు లోబడమన్న రోమా 13 మన మైకుకు కూడా వర్తిస్తుంది.

6. ఆచరణలో

వాయించే సహోదరీ సహోదరులారా,

- మైకు తెస్తున్నట్టు రెండు రోజుల ముందే సౌండ్ చూసేవారికి చెప్పండి. ఏ రకమో కూడా చెప్పండి. డైనమిక్ మైకుకు కరెంటు అక్కరలేదు. కండెన్సర్ మైకుకు సాధారణంగా మిక్సర్ నుంచి 48 వోల్టులు కావాలి.
- పాడే మైకులన్నీ ఒకే విధంగా వినవు. ఎస్ఎమ్58 సరిగ్గా వెనుకవైపు శబ్దాన్ని బాగా తక్కువగా పట్టుకుంటుంది. బీటా 58ఎ వంటివి వెనుక నుంచి కొంత పట్టుకుంటాయి, వెనుక పక్కల నుంచి తక్కువ పట్టుకుంటాయి. మానిటర్ స్పీకర్‌ను అందుకు తగినట్టు జరపకపోతే మైకు కీచుమంటుంది.
- అడగకుండా మైకు పెట్టకండి, తీయకండి. ఆ ఛానల్ మూసిన తర్వాతే తీగ కలపండి.
- చిన్న హాలులో ఆంప్ ముందు మైకు సాధారణంగా అవసరం ఉండదు. గిటార్ సంకేతాన్ని నేరుగా మిక్సర్‌కు పంపే డీఐ బాక్సు చాలు. అక్కరలేదంటే నొచ్చుకోకుండా మైకు సంచిలోనే ఉంచండి.
- మీకు మీరు వినబడకపోతే శబ్దం పెంచే ముందు ఆంప్‌ను కుర్చీ మీద పెట్టి మీ చెవివైపు తిప్పండి. నేలమీద ఉన్న ఆంప్ మీ కాళ్లకు వాయిస్తుంది.

సౌండ్ చూసే సహోదరీ సహోదరులారా,

- బాస్‌ను కలిపిన ఛానల్‌లో లో కట్ బటన్ తీసి ఉందో లేదో చూడండి. గొంతుల కోసం 80, 100 హెర్ట్జ్ దగ్గర కోసేలా పెట్టినది అలాగే ఉంటే బాస్ పలచబడుతుంది. అప్పుడు వాయించేవారు ఆంప్ పెంచుతారు, తప్పు వారిదనుకుంటాం. పాడేవారి మైకులకు మాత్రం అదే బటన్ వేసి ఉంచండి.
- డీఐ, మైకు రెండూ కలిపినప్పుడు బాస్ బలహీనపడితే ఒకదాని పొలారిటీ బటన్ నొక్కి చూడండి. స్పీకర్ నుంచి మైకు ప్రతి 30 సెంటీమీటర్ల దూరానికి శబ్దం దాదాపు ఒక మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా వల్ల కొన్ని స్వరాలు ఒకదానినొకటి చెరుపుకుంటాయి. అప్పటికీ కుదరకపోతే రెండింటిలో ఒకటే వాడండి.
- మొదటి పాట సాధన చేసేటప్పుడు చివరి వరుసలో గోడ పక్కన నిలబడి వినండి. వీలైతే బాస్ వాయించేవారిని కూడా వెంట తీసుకువెళ్లండి. బోర్డు దగ్గర వాదించుకున్నది అక్కడ తేలిపోతుంది.

ఆలోచించడానికి, చర్చించడానికి

1. మన పరిచర్యలో "ఇది నాది" అని పట్టుకున్నది ఏమిటి? దానిని సంఘ క్షేమం కోసం వాడుతున్నామా, మన ఇష్టం కోసమా?
2. మరొకరు తమ పద్ధతిలో సేవ చేయాలనుకున్నప్పుడు సౌలు కవచాన్ని బలవంతంగా తొడుగుతున్నామా?
3. మన మందిరంలో చివరి వరుసలో కూర్చునేవారిని పాటల మాటలు అర్థమయ్యాయా అని చివరిసారి ఎప్పుడు అడిగాం?
4. మనకు స్థలమిచ్చిన సంఘం వారి సామగ్రి విషయంలో సరిచేయవలసినది ఏమైనా మిగిలి ఉందా?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, మా చేతులకు నేర్పునూ, ఆ చేతులకు పనిముట్లనూ ఇచ్చినవాడవు నీవే. వాయించేవారికీ, శబ్దం సరిచేసేవారికీ ఒకరినొకరు గౌరవించే మనసు దయచేయి. మా శబ్దం నీ మాటకు అడ్డం రాకుండా, అందరికంటే వెనుక కూర్చున్నవారికి కూడా నీ ఆదరణ వినబడేలా మమ్మును ఏకం చేయి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.