జుట్టుపోలిగాడిని చిబీగా గీద్దామా?

అనిమే చూసేవాళ్లకి చిబీ బొమ్మలు కొత్త కాదు: పెద్ద తల, బుల్లి ఒళ్లు. ఈసారి మనవాడినే ఒకణ్ణి గీద్దాం. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకి పేరున్న ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఆటలో జనాన్ని నవ్వించేవాడు జుట్టుపోలిగాడు.

మామూలు మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలు. చిబీకి రెండున్నర చాలు. బొమ్మ 10 సెం.మీ. అయితే తల 4, మొండెం 3, కాళ్లు 3. బొమ్మ మొత్తాన్నీ ఒకేలా తగ్గిస్తే అది చిన్న బొమ్మ అవుతుందంతే, చిబీ కాదు. తలని ఉంచి ఒళ్లు తగ్గించాలి.

తల గుండ్రంగా గీసి, మధ్యలో అడ్డగీత పెట్టండి. కళ్లు ఆ గీతకి కిందే రావాలి. పెద్ద నుదురు, పెద్ద కళ్లు, చిన్న ముక్కు: ఇవి పసిపిల్లల పోలికలు. చూడగానే మనకి ముద్దొచ్చేది వీటివల్లేనని కోన్రాడ్ లోరెంజ్ 1943లోనే రాశాడు.

ఇంత తలకి బొమ్మ తూలిపోతున్నట్టుందా? మెకానిక్స్ క్లాసు గుర్తు తెచ్చుకోండి. తల మధ్య నుంచి కిందికి నిలువుగీత గీస్తే అది రెండు పాదాల మధ్య పడాలి. తల కుడికి వంగితే నడుముని ఎడమకి జరపండి.

వేళ్లు, బట్టల మడతలు వదిలేసినా పర్లేదు. జుట్టు మాత్రం తగ్గించొద్దు, వాడి పేరే అది. ఇప్పుడు బొమ్మంతా నల్లరంగు నింపి రూమ్మేట్‌కి చూపించండి. గుర్తుపడితే పాస్. "పోలిగాడెవడ్రా?" అంటే ఇంకా మంచిది, కథ చెప్పడానికి బొమ్మ చేతిలోనే ఉంది.